ఎర్రదీపం చెప్పేది నిజమేనా?

కారు తాళం తిప్పగానే స్టీరింగు ఎదుటనున్న పలక మీద నాలుగైదు దీపాలు వెలుగుతాయి. వాటిలో ఒకటి ఎర్రగా, కుట్టుమిషనుకు నూనె వేసే ముక్కుడబ్బా ఆకారంలో, కొసన ఒక చుక్కతో ఉంటుంది. ఇంజను స్టార్టయిన రెండు మూడు సెకన్లలో అది ఆరిపోవాలి. రోజూ ఆరిపోతుంది కనుక దాన్ని ఎవరూ పట్టించుకోరు. పిల్లాపాపలతో సంక్రాంతికి సొంతవూరు బయలుదేరినప్పుడో, పెళ్లికి వెళ్లి తిరిగి వస్తున్నప్పుడో, ఎప్పుడో ఒకనాడు నడిరోడ్డు మీద అది వెలుగుతుంది. అప్పుడేం చేయాలి?

ఆ దీపం ఇంజను ఆయిల్ ప్రెషర్‌కు సంబంధించినది. అది వెలిగిందంటే రెండే అర్థాలు. ఒకటి, ఇంజనులో నూనె ఒత్తిడి నిజంగానే పడిపోయింది. రెండు, ఒత్తిడి బాగానే ఉంది కాని ఆ కబురు మోసుకొచ్చే సెన్సరో, దాని వైరో అబద్ధం చెబుతోంది. మొదటిదైతే ఇంకో రెండు కిలోమీటర్లు నడిపినా ఇంజను పట్టేయవచ్చు. రెండోదైతే కొన్ని వందల రూపాయలతో పోతుంది. ఊరికే దీపం వంక చూస్తే ఈ రెంటికీ తేడా తెలియదు. ఆ తేడా కనిపెట్టడానికి ఒక వరస ఉంది. మెకానిక్‌కే కాదు, కారున్న ప్రతి ఇంట్లోనూ ఒకరికి ఆ వరస తెలిసి ఉండటం మంచిది.

నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. బదిలీల పుణ్యమా అని నాలుగు రాష్ట్రాల షెడ్లలో బల్లల మీద కూర్చుని, విప్పుతుంటే చూసి, అడిగి తెలుసుకున్న సంగతులివి. పుస్తకంలో ఉన్న నిల్వకూ, పెట్టెలో ఉన్న నగదుకూ తేడా వస్తే ఎక్కడ మొదలుపెట్టి వెతకాలో మా వృత్తి నేర్పుతుంది. ఈ వెతుకులాట కూడా అచ్చం అలాంటిదే.

రెండు కార్లు, రెండు తీర్పులు

బరంపురంలో ఉండే మా బావమరిది కారులో ఈ దీపం ఉండుండి వెలగడం మొదలుపెట్టింది. ఒక షెడ్డులో చూపిస్తే, "బేరింగులు పోయాయి సార్, ఇంజను దించాలి" అన్నారు. అంచనా ఐదంకెలు దాటింది. అతను ఇంకొకచోట చూపించాడు. అక్కడి పెద్దమనిషి ముందు ఒకే ప్రశ్న వేశాడు: "ఎప్పుడు వెలుగుతోంది బాబూ? బండి నిలబడి ఉన్నప్పుడా, గోతులు వచ్చినప్పుడా?" గోతులు వచ్చినప్పుడే. చూస్తే, సెన్సర్ వైరు ఒక ఇనుప పట్టీకి ఒరుసుకుని పైతొడుగు పోయి రాగి బయటపడింది. గతుకు వచ్చినప్పుడల్లా అది ఇనుముకు తగులుతోంది. మూరెడు వైరు, ఒక తొడుగు, అరగంట పని. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తబోయారన్నమాట.

రెండో కారు షోలాపూర్‌లోని మా బంధువులది. దానిలోనూ దీపం మిణుకుమిణుకుమంది. "సెన్సర్లు ఇంతే సార్, పట్టించుకోకండి" అని ఎవరో ఆ వైరు పీకేశారు. దీపం ఆరింది, అందరి మనసూ కుదుటపడింది. రెండు వారాల తర్వాత హైదరాబాదు దారిలో ఇంజను పెద్ద శబ్దం చేసి ఆగిపోయింది. విప్పి చూస్తే నూనె మార్చక మార్చక గసి పేరుకుని అడుగునున్న జల్లెడ పూడుకుపోయింది. పిల్లవాడి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు ఇంజనుకు పోయింది.

మొదటి కారులో దీపం అబద్ధం చెప్పింది, ఇంచుమించు నమ్మేశారు. రెండోదానిలో నిజం చెప్పింది, నోరు నొక్కేశారు. పరీక్షించి చూడకపోవడమే రెండుచోట్లా జరిగింది.

నూనె చేసే పని

ఇంజను అడుగున ఉండే తొట్టిని సంప్ అంటారు, మన మెకానిక్కులు చాంబర్ అనడం కూడా ఉంది. దానిలోని నూనెను ఒక పంపు జల్లెడగుండా పీల్చి, ఫిల్టరులో వడకట్టి, సన్నని దారుల్లో క్రాంక్‌షాఫ్ట్ బేరింగులకు, పైనున్న క్యామ్‌షాఫ్ట్‌కు తోస్తుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందంటే సెకనుకు 50 చుట్లు. అంత వేగంలో ఇనుమూ ఇనుమూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో నూనె పొర ఒకటి నిలబడాలి. ఒత్తిడి లేకపోతే ఆ పొర తెగుతుంది. తర్వాత జరిగేదంతా నిమిషాల్లో జరిగిపోతుంది.

చాలామంది డిప్‌స్టిక్ తీసి చూసి, "నూనె నిండుగానే ఉంది, ఇంకేం భయం" అంటారు. డిప్‌స్టిక్ చెప్పేది నూనె మట్టం, ఒత్తిడి కాదు. ఖాతాలో నిల్వ ఉన్నంత మాత్రాన చెక్కు చెల్లినట్టు కాదు గదా! నూనె తొట్టినిండా ఉండి కూడా, పంపు అరిగినా, జల్లెడ పూడినా, ఒత్తిడిని అదుపుచేసే వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయినా, బేరింగులు అరిగి సందులు పెరిగినా ఒత్తిడి పడిపోతుంది.

ఇంజను బాగా వేడెక్కాక, ఆక్సిలేటర్ తొక్కకుండా నిలబెట్టినప్పుడు ఈ ఒత్తిడి చాలా కార్లలో ఒక బార్ అటూఇటూ ఉంటుంది. టైర్ల గాలి లెక్కలో చెప్పాలంటే సుమారు 15 పి.ఎస్.ఐ. వేగం పెరిగితే మూడు, నాలుగు బార్ల దాకా వెళుతుంది. కచ్చితమైన అంకెలు ఆయా కారు సర్వీసు మాన్యువల్‌లో ఉంటాయి.

దీపం వెనకనున్న తీగ

చాలా చిన్న కార్లలో ఈ సెన్సర్ నిజానికి ఒక మామూలు స్విచ్. ఇంజను పక్కన, తరచుగా ఆయిల్ ఫిల్టరుకు దగ్గరలో, మరలా బిగించి ఉంటుంది. దానికి ఒకే వైరు. బ్యాటరీ నుంచి కరెంటు ఫ్యూజుగుండా దీపానికి, దీపం నుంచి ఆ వైరుగుండా స్విచ్‌కు, స్విచ్ నుంచి ఇంజను లోహానికి పోతుంది. ఇంజను లోహమే ఎర్త్. నూనె ఒత్తిడి లేనప్పుడు స్విచ్ లోపలి ముక్కలు కలిసే ఉంటాయి, దీపం వెలుగుతుంది. ఒత్తిడి సుమారు 0.3 నుంచి 0.5 బార్ దాటగానే లోపలి పలచని పొర వాటిని విడదీస్తుంది, దీపం ఆరుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తాళం ఆన్‌లో ఉండి ఇంజను స్టార్ట్ కానప్పుడు ఈ దీపం వెలిగి తీరాలి. వెలగలేదంటే సంతోషించరాదు. బల్బు పోయి ఉండవచ్చు, ఫ్యూజు పోయి ఉండవచ్చు, వైరు తెగి ఉండవచ్చు, లేదా స్విచ్ విడిపోయి ఉండవచ్చు. అలాంటి కారులో రేపు నిజంగా ఒత్తిడి పడిపోయినా చెప్పే దిక్కుండదు. పాత కారు కొనేటప్పుడు ముందుగా చూడవలసింది ఇదే.

కొన్ని యూరప్ తరహా కార్లలో స్విచ్ ఇందుకు తలకిందులుగా పనిచేస్తుంది, అంటే ఒత్తిడి వచ్చినప్పుడు ముక్కలు కలుస్తాయి. అందుకని పరీక్షకు ముందు మీ కారు ఏ రకమో మాన్యువల్‌లో చూసుకోవాలి.

ముందు ఇంజను ఆపాలి

ప్రయాణంలో ఈ దీపం వెలిగితే తర్కాలు తర్వాత. హెచ్చరిక లైట్లు వేసి, రోడ్డు పక్కకు తీసి, వెంటనే ఇంజను ఆపాలి. "పెట్రోలు బంకు దాకా వెళదాం" అనుకోకూడదు. సమతలం మీద నిలిపి పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడాలి. కిందికి వంగి నూనె కారుతోందేమో, ఫిల్టరు చుట్టూ, అడుగు బోల్టు దగ్గర తడి ఉందేమో చూడాలి.

మట్టం తక్కువగా ఉంటే సరైన గ్రేడు నూనె పోసి స్టార్ట్ చేయవచ్చు. ఐదు సెకన్లలో దీపం ఆరకపోయినా, టకటకమని కొత్త శబ్దం వినిపించినా వెంటనే ఆపి, కారును లాగించుకు వెళ్లడమే మేలు. మట్టం సరిగానే ఉండి దీపం వెలుగుతుంటే కూడా, తప్పు వైరుదా స్విచ్‌దా అని తేలేవరకు నడపకూడదు. లాగే బండికి ఇచ్చే రెండు మూడు వేలు ఇంజను ఖర్చు ముందు ఎంత!

ఎప్పుడు వెలుగుతోంది?

డాక్టరుగారు జ్వరం ఏ వేళ వస్తోందని అడిగినట్టు, ఇక్కడా వేళను బట్టి సగం రోగం తెలుస్తుంది.

ఇంజను వేడెక్కి, సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు మిణుకుమని, ఆక్సిలేటర్ తొక్కగానే ఆరిపోతుంటే ముందుగా ఒత్తిడినే అనుమానించాలి. నూనె పలచబడి ఉంటుంది, లేదా బేరింగులో పంపో అరిగి ఉంటుంది. దీన్ని సెన్సర్ మీదకు నెట్టేయడం ప్రమాదం.

మలుపు తిరిగినప్పుడో, గట్టిగా బ్రేకు వేసినప్పుడో వెలుగుతుంటే నూనె మట్టం తక్కువై ఉండే అవకాశం ఎక్కువ. నూనె ఒక పక్కకు ఒరిగి జల్లెడకు అందడం లేదన్నమాట.

గతుకుల్లోనూ, వాన పడినప్పుడూ, కారు కడిగాకా వెలుగుతూ, ఇంజను వేగంతో సంబంధం లేకుండా పోతూ వస్తూ ఉంటే వైరును, కప్లర్‌ను అనుమానించాలి. చెన్నై, యానాం, గోపాల్‌పూర్ వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల కప్లర్‌లోని రాగి ముక్కలకు పచ్చని చిలుము పట్టడం మామూలే. కారు వారాల తరబడి కదలకుండా ఉండే ఇళ్లలో ఎలుకలు వైర్లు కొరకడం కూడా అంతే మామూలు.

స్టార్ట్ చేసినప్పటినుంచి ఆపేవరకు ఒకే తీరున వెలుగుతూ, ఇంజను శబ్దం మాత్రం మామూలుగా ఉంటే స్విచ్ ఇరుక్కుందనో, వైరు ఎర్త్‌కు తగిలిందనో అనుకోవచ్చు. అనుకోవచ్చు, అంతే. తేల్చుకోవలసింది పరీక్షతోనే.

ఒంటి వైరు స్విచ్‌కు పరీక్ష

ఈ పరీక్షకు ఇంజను స్టార్ట్ చేయనక్కరలేదు. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను చల్లబడ్డాక, తాళం ఆన్‌లో మాత్రమే ఉంచాలి. రేడియేటరు ఫ్యాను ఉన్నట్టుండి తిరగవచ్చు కనుక చేతులూ, చీరకొంగులూ, ఉత్తరీయాలూ దూరంగా ఉండాలి. లోపల ఒకరు దీపం చూస్తుండాలి.

మొదట స్విచ్ మీది కప్లర్ ఊడదీయాలి. దీపం ఆరిపోవాలి. ఆరలేదంటే వైరు దారిలో ఎక్కడో ఇనుముకు తగులుతోంది. స్విచ్ మారిస్తే ప్రయోజనం ఉండదు, వైరు వెంట వెతకాలి.

తర్వాత ఆ వైరు కొసను ఒక తీగతో ఇంజను లోహానికి తాకించాలి. స్విచ్ చేసే పనినే మనం చేస్తున్నామన్నమాట. దీపం వెలగాలి. వెలగకపోతే బల్బు, ఫ్యూజు, వైరు, ఈ మూడింటిలో ఒకటి తెగింది.

రెండు పరీక్షలూ నెగ్గితే వైరు నిర్దోషి. ఇక మిగిలినవి స్విచ్, ఒత్తిడి, ఈ రెండే. కప్లర్ లోపల నూనె కనిపిస్తే స్విచ్ లోపలి పొర చిరిగిందని అర్థం, దాన్ని మార్చవలసిందే.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. వైరు ఎర్త్‌కు తగులుతోందని తేలినంత మాత్రాన ఒత్తిడి బాగున్నట్టు తేలలేదు. అప్పటిదాకా దీపం మాట చెల్లదని మాత్రమే తేలింది. వైరు బాగుచేశాక స్టార్ట్ చేసినప్పుడు దీపం ఆరితేనే దాని సాక్ష్యం చెల్లుతుంది.

నగదు లెక్కపెట్టడం

పుస్తకాలు ఎన్నిసార్లు తిరగేసినా, సందేహం తీరకపోతే చివరకు పెట్టె తెరిచి నగదు లెక్కపెట్టవలసిందే. ఇంజను విషయంలో ఆ పని చేసేది ప్రెషర్ గేజి. స్విచ్ విప్పి, అదే రంధ్రంలో సరిపోయే మరతో గేజి గొట్టం బిగించి, ఇంజను స్టార్ట్ చేస్తే ముల్లు అసలు ఒత్తిడిని చూపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి, ఆక్సిలేటర్ తొక్కకుండానూ, తొక్కీ చూడాలి. ఆ అంకెలను మాన్యువల్‌లోని అంకెలతో పోల్చాలి. దీనికి ఎలక్ట్రిసిటీతో పనిలేదు కనుక దీనిలో అబద్ధానికి తావు తక్కువ.

గేజి సరిగా చూపిస్తే స్విచ్ మార్చి ఇంటికి వెళ్లవచ్చు. తక్కువ చూపిస్తే నూనె, ఫిల్టరు, జల్లెడ, వాల్వు, పంపు, బేరింగులు, ఈ వరసలో వెతకాలి. చవకైనవి ముందు, ఖరీదైనవి వెనక. ఈ పరీక్ష చేయకుండా ఎవరైనా ఇంజను దించాలంటే, "ముందు గేజి పెట్టి చూపించండి" అని మర్యాదగా అడగండి. మంచి మెకానిక్ నొచ్చుకోడు, పైగా సంతోషిస్తాడు.

భాష రాదని జంకనక్కరలేదు. ఆయిల్, ప్రెషర్, గేజి, వైరు, కప్లర్ అన్న మాటలు హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, రాయగడలోనైనా, షోలాపూర్‌లోనైనా ఒకటే. షెడ్డు భాష దేశమంతా ఒక్కటి!

మూడు వైర్ల సెన్సర్లు

కొత్త కార్లలో కొన్నింటికి స్విచ్ బదులు అసలైన సెన్సర్ ఉంటుంది. దానికి మూడు వైర్లు. ఒకటి కంప్యూటరు నుంచి 5 వోల్టులు తెస్తుంది, ఒకటి ఎర్త్, మూడోది కబురు. ఒత్తిడి లేనప్పుడు కబురు వైరులో సాధారణంగా అర వోల్టు ఉంటుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ నాలుగున్నర దాకా పెరుగుతుంది. ఒంటి వైరు స్విచ్‌కు చెప్పినట్టు దీని వైర్లను ఇనుముకు తాకించకూడదు. బల్బు ఉన్న టెస్ట్ ల్యాంపు కూడా పెట్టరాదు, కంప్యూటరు దెబ్బతినవచ్చు. మల్టీమీటరు ఒక్కటే వాడాలి.

తాళం ఆన్ చేసి, కప్లర్ ఊడదీసి, మొదటి వైరుకూ ఎర్త్ వైరుకూ మధ్య వోల్టులు కొలవాలి. 5కు దగ్గరగా రావాలి. రాకపోతే సెన్సర్ తప్పు కాదు. వైరు తెగి ఉండవచ్చు, లేదా అదే 5 వోల్టులను పంచుకుంటున్న మరో సెన్సర్ షార్టయి దీన్ని కూడా లాగేస్తూ ఉండవచ్చు. 5 సరిగా ఉంటే కప్లర్ తిరిగి పెట్టి కబురు వైరును చూడాలి. మీటరు చూస్తూ వైరును అక్కడక్కడ మెల్లగా కదిలిస్తే తెగీతెగని చోట అంకె గెంతుతుంది.

స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే కోడ్ వస్తుంది. పి0520 అంటే ఈ సెన్సర్ సర్క్యూటులో లోపం. పి0521 అంటే అంకె ఉండవలసిన హద్దుల్లో లేదు. పి0522 అంటే వోల్టులు మరీ తక్కువ, పి0523 అంటే మరీ ఎక్కువ. పి0524 వస్తే మాత్రం ఒత్తిడే తక్కువని కంప్యూటరు అభిప్రాయం, ఇంజను ఆపవలసిందే. కోడ్ అంటే ఫిర్యాదు, తీర్పు కాదు. "సర్క్యూట్" అన్నప్పుడు సెన్సరూ, వైరూ, కప్లరూ, ఎర్తూ అన్నీ దానిలోనే ఉన్నాయి. కోడ్ చూసి నేరుగా సెన్సర్ కొనేస్తే సగంసార్లు డబ్బు దండగ. దీనికీ చివరి తీర్పరి గేజియే. గేజి అంకే, స్కానర్ అంకే పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు అబద్ధమాడుతున్నారో తేలిపోతుంది.

స్విచ్ మార్చేటప్పుడు

మీ కారు మోడల్‌కు చెప్పిన స్విచ్‌నే కొనాలి. మర సరిపోయినంత మాత్రాన సరిపోదు. తక్కువ ఒత్తిడికే ఆరిపోయే స్విచ్ పెడితే అసలు జబ్బు దాగిపోతుంది. కుళాయిలకు చుట్టినట్టు దాని మరలకు టెఫ్లాన్ టేపు దండిగా చుట్టే అలవాటు కొందరికి ఉంది. ఒంటి వైరు స్విచ్‌కు ఎర్త్ అందేది ఆ మరల ద్వారానే. టేపు మందమైతే ఎర్త్ తెగి దీపం అసలు వెలగకుండా పోవచ్చు. బలం చూపి బిగిస్తే స్విచ్ పగులుతుంది. బిగించాక తాళం ఆన్‌లో దీపం వెలిగిందా, స్టార్ట్ చేశాక ఆరిందా, చుట్టూ నూనె చెమరుస్తోందా, ఈ మూడూ అక్కడే నిలబడి చూసుకోవాలి. కొత్త స్విచ్ పెట్టాక కూడా దీపం వెలిగితే, "ఇదీ పాడైందే" అనుకోకుండా గేజి పెట్టించాలి.

ఇవన్నీ గుర్తుండకపోయినా నాలుగు మాటలు గుర్తుంచుకుంటే చాలు. ఆపడం, నూనె చూడడం, వైరు పరీక్షించడం, గేజి పెట్టడం. ఈ వరస తప్పించి ఇంజను విప్పనివ్వకూడదు, ఈ వరస పూర్తికాకుండా దీపాన్ని అబద్ధాలకోరు అననూకూడదు. ఇంట్లో కారు నడిపే పిల్లలకు, కోడళ్లకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి. రేపు ఉదయం తాళం తిప్పినప్పుడు ఆ ముక్కుడబ్బా బొమ్మ వెలిగిందా, స్టార్టయ్యాక ఆరిందా అని ఒక్కసారి చూడండి. అందుకు పట్టేది మూడు సెకన్లే.